చిలక దాచిన ప్రశ్న

ఎంటర్ కీ ఊడి రావడానికి రెండు పోట్లు పట్టింది. స్క్రూడ్రైవర్ పక్కన పడేసి, ఆ చిన్న నల్ల ముక్కను ఎడమ పిడికిట్లో బిగించి, చిలకలాయన ఫోన్ అందుకున్నాడు.

నీటిశుద్ధి కేంద్రంలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. కారణం ఆయన కంప్యూటర్లో ఉన్న చిలక. అదొక డెస్క్‌టాప్ స్క్రిప్టింగ్ ప్రోగ్రామ్. మౌస్ ఎక్కడ నొక్కాలో, కీబోర్డు మీద ఏం కొట్టాలో ఒక్కసారి నేర్పితే చాలు, రోజూ అదే టైముకు అదే పని వల్లె వేసినట్టు చేస్తుంది. వాల్వులను నడిపే సాఫ్ట్‌వేర్ పాతకాలంది. దానికి మనిషి వేలు తప్ప మరొకటి తెలియదు. అందుకని ఆయన మనిషి వేలి బదులు చిలకను కూర్చోబెట్టాడు. స్క్రీన్ అడుగున కుడిమూల ఒక ఆకుపచ్చ బొమ్మ ఉంటే ఒక స్క్రిప్టు నడుస్తున్నట్టు లెక్క.

ఇవాళ అక్కడ రెండు బొమ్మలున్నాయి. ఆయన పెట్టింది ఒక్కటే.

అవతల ఫోన్ ఎవరూ ఎత్తలేదు. బీప్ వినబడగానే గబగబా అన్నాడు. "ఒరేయ్, నేనేరా. చిలకను చంపొద్దు. కంప్యూటర్ ఆపొద్దు. కరెంటు తీయొద్దు. మీ అక్క కింద క్లోరిన్ హౌస్‌లో ఉంది, తలుపులు బిగుసుకుపోయాయి. ఇంకోటి, అన్నిటికంటే ముఖ్యం..."

వెనక తలుపు తెరుచుకుంది. తెల్లకోటు, ముఖానికి మాస్కు. ల్యాబ్ నుంచి శాంపిల్ కోసం వచ్చారనుకుని ఆయన కుర్చీ తిప్పాడు.

మొదటి గుండు గొంతులో దిగింది. రెండోది రొమ్ములో. సైలెన్సర్ పిస్టల్ శబ్దం అద్దాల గదిలో దగ్గినంత కూడా వినబడలేదు. చిలకలాయన పడిపోతూ కూడా కీబోర్డు మీద పడకుండా బలవంతాన పక్కకు ఒరిగాడు. నేల మీద నెత్తురు కేబుళ్ళ కిందికి పాకింది.

తెల్లకోటు స్క్రీన్ వంక చూసింది. అందులో వింతేమీ కనబడలేదు. మౌస్ మీద చెయ్యి వెయ్యబోయేసరికి మెట్ల మీద గార్డు బూట్ల చప్పుడు. కోటు విప్పి చెత్తబుట్టలో కుక్కి, ఆ మనిషి వెనక తలుపు గుండా మాయమైంది.

కళ్ళద్దాల షాపు వెనకగదిలో, చిన్నా పెద్దా అక్షరాల బోర్డు కింద, పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన పేరేమిటో డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. అందరికీ పెద్దాయనే. ఎదురుగా నిలబడ్డవాడిని ఆ గదిలో ముల్లు అంటారు. గుచ్చుకుంటే లోపలే విరుగుతాడని ఆ పేరు.

ఫోన్‌లో చిలకలాయన గొంతు మూడోసారి మోగి ఆగిపోయింది.

"పోయినాయన నీకేమవుతాడు?" పెద్దాయన అడిగాడు.

"బావ, సర్. మా అక్క మొగుడు."

"అయితే ఈ కేసు ఇంకొకరికిస్తాను."

"ఇవ్వండి. నేను కూడా వెళ్తాను. జీతం ఎవరికిస్తారో మీ ఇష్టం."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టు.

"విను. ఇది దొర ముఠా పని. సరిహద్దు అవతలి వాళ్ళు. మధ్యాహ్నం ఎవరో ఆ కంప్యూటర్లోకి ఒక స్క్రిప్టు ఎక్కించారు. సగం నడిచింది. క్లోరిన్ హౌస్ ఇనప తలుపులు తాళం పడ్డాయి. చేత్తో తిప్పే చక్రాలు ముందే విరగ్గొట్టారు. ఇక వాల్వుల సంగతి. మామూలుగా కంప్యూటర్ నుంచి సిగ్నల్ ఆగితే అవి మూసుకోవాలి. ఇప్పుడు సిగ్నల్ ఆగితే తెరుచుకునేలా సెట్టింగ్ తిప్పేశారు. ఆ సిగ్నల్ పంపేది కూడా వాళ్ళ స్క్రిప్టే."

"అంటే స్క్రిప్టును ఆపితే..."

"ఆరు ట్యాంకుల గ్యాస్ ఒక్కసారి బయటికి. ముందు మీ అక్క. తర్వాత ఆ గోడ పక్కనున్న బస్తీ. మీ బావ ఆపొద్దన్నది అందుకే."

"మిగతా సగం ఎందుకు నడవలేదు?"

"అదే ఎవరికీ అంతుబట్టడం లేదు. వాళ్ళకు కూడా. లేకపోతే ఈపాటికి మనం శవాలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాళ్ళం." పెద్దాయన సొరుగులోంచి చిన్న ప్లాస్టిక్ సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఒక ఎంటర్ కీ. "ఇది మీ బావ పిడికిట్లో ఉంది. వేళ్ళు విడదీయడానికి డాక్టర్ చాలా అవస్థ పడ్డాడు."

ముల్లు ఆ కీని సంచీలోంచి తీసి జేబులో వేసుకున్నాడు. బావ ఇంట్లో రేడియో ఊడదీసినా ఒక్క స్క్రూ పారేసేవాడు కాదు. అలాంటి మనిషి కీబోర్డు విరగ్గొట్టాడు.

"దొర ఎక్కడున్నాడు?"

"రెండేళ్ళుగా వాళ్ళలో మన మనిషి ఉంది. నెమలి. ఇప్పుడే కబురు పంపింది. పాత మార్కెట్ వీధిలో లాండ్రీ. వాడు ఇస్త్రీవాడి వేషంలో ఉన్నాడట. ప్రాణంతో పట్టుకో. అక్కణ్ణుంచి కంట్రోల్ రూమ్‌కు వెళ్ళు, నెమలి నిన్ను గేటు దగ్గర కలుస్తుంది. కోడ్, గొడుగు." ఒక వాచీ ముందుకు నెట్టాడు. "పక్కనున్న మీట లాగితే ఉక్కు తీగ వస్తుంది. స్టోర్స్ వాళ్ళు తిరిగి ఇమ్మన్నారు. పోయినసారి ఇచ్చింది నువ్వు ఎవడి మెడకో వదిలేసి వచ్చావట."

"వాడు ఇవ్వనన్నాడు సర్."

లాండ్రీలో ఆవిరి కమ్ముకుని ఉంది. పైన తీగెల మీద ప్లాస్టిక్ తొడుగుల్లో కోట్లు వేలాడుతూ, మనుషులు బారులు తీరి నిలబడ్డట్టు కనబడుతున్నాయి. కౌంటర్ వెనక, బనీనుతో, మెడలో తువ్వాలుతో ఒకడు ప్రెస్ మెషిన్ తొక్కుతున్నాడు. చేతులు మాత్రం ఇస్త్రీవాడివి కావు. ఒక్క కాలిన మచ్చ కూడా లేదు.

"చొక్కా ఇచ్చి వెళ్ళాను. అయిందా?" ముల్లు అడిగాడు.

"ఏం రంగు?"

"ఎర్రది. వేసుకొచ్చినప్పుడు తెల్లగానే ఉండేది."

దొర నవ్వాడు. నవ్వుతూనే ఆవిరి గొట్టం ముల్లు ముఖం మీదికి తిప్పాడు. ముల్లు వంగాడు, కానీ చెవి, మెడ సర్రున కాలాయి. కౌంటర్ మీది నుంచి దూకి దొర కడుపులో మోకాలితో పొడిచాడు. ఇద్దరూ కోట్ల మధ్య పడ్డారు. దొర చేతిలోకి కత్తెర వచ్చింది. అది ముల్లు ముంజేతిని మోచేతి దాకా చీల్చింది. ముల్లు ఒక ప్లాస్టిక్ తొడుగు లాగి వాడి తలకు తొడిగి, వాచీ తీగ మెడకు వేసి బిగించాడు. దొర వెనక్కి వెనక్కి కాళ్ళతో నెట్టుకుంటూ ఇద్దర్నీ మెషిన్ మీదికి తోశాడు. పెనుగులాటలో ఎవరి కాలు పెడల్ మీద పడిందో తెలియదు. పై పలక దబ్బున కిందికి దిగింది.

దిగింది దొర వీపు మీదే. వాసన వచ్చిన తర్వాత గాని కేక రాలేదు.

ముల్లు పెడల్ వదిలించి వాణ్ణి నేల మీదికి లాగాడు. కత్తెర దొర పక్కటెముకల్లో దిగబడి ఉంది. ఎవరు గుచ్చారో వాడికే తెలియనట్టు దాని వంక చూస్తున్నాడు.

"మిగతా సగం ఎలా ఆపాలి?"

దొర పెదాల మీద నెత్తురు బుడగ పగిలింది. "అక్కడి స్క్రీన్ నా ఫోన్‌లో కనబడుతుంది. పెట్టె రావాలి. స్క్రీన్ మీద. అవునా కాదా అని." ఊపిరి కోసం ఆగాడు. "నేను ఊళ్ళో ఉండగా ఎవరూ తెరవకూడదని నేనే పెట్టించా. అవునంటే తెరుచుకోవాలి. పట్టుబడితే కాదంటాను, అంతా మొదటికొస్తుంది. నా ప్రాణం నాకు తీపి. వాళ్ళను నమ్మి ఎవడుంటాడు?" కళ్ళు పైకి తేలుతున్నాయి. "కానీ పెట్టె రాలేదు. ఏమైంది దానికి?"

ముల్లు వాడి మెడ మీద వేలు పెట్టి చూశాడు. నాడి ఆగిపోయింది.

నీటిశుద్ధి కేంద్రం గేటు దగ్గర పోలీసు జీపులు, ఫైరింజన్లు. క్లోరిన్ హౌస్ తలుపును కోస్తున్నారు. ఆ ఇనుము తెగడానికి చీకటి పడుతుందని ఫైర్ ఆఫీసర్ మొహం చూస్తేనే తెలుస్తోంది.

ముదురు నీలం కోటు, మోచేతి దాకా తెల్ల గ్లవ్స్ వేసుకున్నావిడ జీపు నీడలోంచి వచ్చింది. ఎవరైనా రెండోసారి తిరిగి చూసే మనిషి. ఆ రెండో చూపు లోపలే ఆవిడ తన పని కానిచ్చుకుంటుందని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు.

"గొడుగు తెచ్చారా?" ముల్లు అడిగాడు.

"వాన మీ వైపు. మా వైపు ఎండే." నెమలి అతని చెయ్యి చూసింది. "ముందు కట్టు కట్టించుకోండి."

"కట్టే ఉంది. చొక్కా చెయ్యే కట్టు."

"దొర?"

"పోయాడు."

ఆవిడ ముఖంలో ఏ కదలికా లేదు. "పాస్ మీ దగ్గరుంది కదా? ఆయన్ని చంపిన దగ్గర్నుంచి ఆ గదిలోకి ఎవర్నీ పోనివ్వడం లేదు. పదండి, నేను కూడా వస్తాను. వాళ్ళ స్క్రిప్టు గురించి విన్నది ఏదైనా పనికిరావచ్చు."

కంట్రోల్ రూమ్‌లో నేల కడిగారు కానీ కేబుళ్ళ కింద ఎర్రగానే ఉంది. నిలువెత్తు అద్దం అవతల, చాలా కింద, నీళ్ళు తీసేసిన ఫిల్టర్ బెడ్లు. కీబోర్డులో ఎంటర్ ఉండాల్సిన చోట ఊడిన పన్ను సందులా ఖాళీ.

ముల్లు కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఇంటర్‌కమ్ మీట నొక్కాడు.

"అక్కా."

"ఎవర్రా, నువ్వా?" క్లోరిన్ హౌస్ నుంచి అక్క గొంతు. వెనక ఫ్యాన్ల హోరు. "ఎంతసేపట్నించి అరుస్తున్నాను, పైన ఒక్కడూ పలకడే. మీ బావేడి?"

ముల్లు నేల వంక చూశాడు. "బయట ఉన్నాడు. తలుపు కోసేవాళ్ళతో."

"సరే. నీకేం కావాలో చెప్పు. ఆ చిలకను ఆయనా నేనూ కలిసే నేర్పాం. నాకు రానిది ఏమీ లేదు."

"డెస్క్‌టాప్ మీద కొత్త షార్ట్‌కట్ ఒకటుంది."

"మౌస్ కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరువు. చిలక పేరు తర్వాత కమాండ్ లైన్లో ఏమేం ఆప్షన్లున్నాయో చదువు."

"స్లాష్ హైడ్. స్లాష్ కన్‌ఫర్మ్. తర్వాత స్క్రిప్టు పేరు."

"రెండూనా? ఒకే లైన్లో?"

"ఒకే లైన్లో."

"ఎవడ్రా ఆ తెలివితక్కువ సన్నాసి. ఆ రెంటికీ పడదు. కన్‌ఫర్మ్ అంటే అసలు పని ముందు 'చేయమంటారా, వద్దా' అని పెట్టె పెట్టి అడుగుతుంది. హైడ్ అంటే చిలక తెరిచే ఏ కిటికీ కనబడదు. రెండూ కలిపితే అడుగుతుంది గాని అడిగినట్టు ఎవరికీ తెలియదు. జవాబు వచ్చేదాకా అలాగే కూర్చుంటుంది. అలిగిన మొగుడిలాగ అనేవాడు మీ బావ." అక్క గొంతు సన్నబడి మళ్ళీ మామూలైంది. "అనేవాడు అంటే, అంటాడు."

దొరకు కనబడని పెట్టె ఎక్కడికీ పోలేదు. ఈ స్క్రీన్ మీదే, అతని కళ్ళెదుటే ఉంది.

"ఆ పెట్టెకు జవాబు ఎలా చెప్తారక్కా?"

"కాదు మీద మౌస్‌తో నొక్కాలి. అవునంటే ఎంటర్. ఆపరేటర్లు బద్ధకస్తులని మీ బావ చిలకకు ఒక అలవాటు చేశాడు. ఏ కిటికీలో కొట్టినా సరే, ఎంటర్ కొడితే అది అవుననే అనుకుంటుంది."

ముల్లు జేబులోంచి కీ తీసి ఎడమ పిడికిట్లో బిగించాడు. బావ పిడికిట్లో ఎంటర్ కీ. అన్నిటికంటే ముఖ్యమని చెప్పబోయి ఆగిపోయిన మాట.

"ఇద్దరు పెట్టారన్నమాట," ముల్లు పైకే అన్నాడు. "ఆపరేటర్ల కంట పడకూడదని ఒకరు హైడ్ పెట్టారు. తను ఊళ్ళో ఉండగా తెరవకూడదని దొర కన్‌ఫర్మ్ పెట్టించాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు."

"నాకు చెప్పకుండానా?" అంది నెమలి.

చాలా నెమ్మదిగా అంది. తనలో తాను అనుకున్నట్టు.

దూరాన కూర్చుని విన్న మనిషికి ఎవరూ ఏదీ చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది హైడ్ పెట్టిన మనిషికి. ముల్లు తల తిప్పేసరికి ఆవిడ పిస్టల్ అతని కణత మీద ఉంది. సైలెన్సర్ కొన ఇంకా నల్లగా ఉంది.

"లాండ్రీ అడ్రస్ ఎందుకు ఇచ్చావు?" ముల్లు అడిగాడు.

"మీ ఇద్దర్లో ఒకరు తగ్గుతారని. ఇద్దరూ తగ్గుతారని ఆశపడ్డాను." ఆవిడ నవ్వింది. "రెండేళ్ళు వాడి ఎంగిలి కాఫీ తాగాను. అయినా వాడి కళ్ళకు నేను నమ్మదగ్గ మనిషిని కాకపోయాను. పోనీలే. కుడివైపు అంకెల దగ్గర ఇంకో ఎంటర్ ఉంది. మీ బావకు దాన్ని పీకే టైం దొరకలేదు. నీ వేలితో నొక్కు."

"నువ్వే నొక్కొచ్చుగా?"

"నీ వేలి ముద్ర దాని మీద ఉంటే రేపు పేపర్లో మీ డిపార్ట్‌మెంట్ పేరు పడుతుంది. మా వాళ్ళు దానికి వేరే బహుమతి ఇస్తామన్నారు."

"బస్తీ పోతే నువ్వూ పోతావు. గాలి ఇటే వీస్తోంది."

"కోటు లోపల మాస్కుంది. నొక్కు."

ముల్లు చెయ్యి చాచాడు. వేళ్ళు అంకెల మీదుగా నెమ్మదిగా జరిగాయి. ఎంటర్ పక్కకు వచ్చాక ఎడమ పిడికిట్లో ఉన్న కీని ఆవిడ కంట్లోకి విసిరి, కీబోర్డునే ఎత్తి మొహం మీద కొట్టాడు.

గుండు అతని భుజాన్ని ఛేదించి అద్దంలో గుండ్రటి చిల్లు చేసింది. కీలు రాలి పళ్ళలా నేల మీద దొర్లాయి. నెమలి ముక్కు పగిలింది. కానీ ఆవిడ చెయ్యి కీబోర్డును వదల్లేదు. రెండు వైపుల నుంచీ లాగుతున్నారు. ఆవిడ బొటనవేలు అంకెల వైపు పాకుతోంది. ముల్లు పళ్ళతో వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ప్లగ్ ఊడి వచ్చింది.

నెమలి ఎంటర్ నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"దానికిప్పుడు చెవుడు," అన్నాడు ముల్లు.

ఆవిడ కీబోర్డు వదిలి పిస్టల్ కోసం పాకింది. అతను కాలు పట్టి వెనక్కి ఈడ్చాడు. బూటు మడమ అతని దవడ మీద పడింది. నోట్లో ఏదో విరిగింది. ఆవిడ లేచి గోడకున్న అగ్నిమాపక సిలిండర్ అందుకుని అతని తల మీదికి ఎత్తింది. ముల్లు వాచీ మీట లాగి తీగను ఆవిడ కాళ్ళకు చుట్టి రెండు చేతులా గుంజాడు. సిలిండర్ బరువుకు నెమలి వెనక్కి తూలి అద్దానికి తగిలింది. చిల్లు చుట్టూ పగుళ్ళు సాలెగూడులా విచ్చుకున్నాయి. ఆవిడ అటు తిరిగి చూసుకునేలోగా అద్దం ఊడింది.

తీగ ముల్లు మణికట్టు దాకా బిగుసుకుంది. అతను అంచు దాకా ఈడ్చుకుపోయాడు. వాచీ పట్టీ తెగిపోయింది. కింద ఖాళీ ఫిల్టర్ బెడ్‌లో, కంకర మీద, తడి మూట పడ్డ చప్పుడు.

స్టోర్స్ వాళ్ళకు ఈ వాచీ కూడా లేదు.

"ఏంట్రా ఆ చప్పుడు?" ఇంటర్‌కమ్‌లో అక్క.

"అద్దం పగిలిందక్కా. కీబోర్డు కూడా పోయింది. ఇక ఎవరూ ఎంటర్ కొట్టలేరు. తలుపు కోసేదాకా ఓపిక పట్టు."

అక్క గొంతు మారిపోయింది. "టైమెంత?"

"ఆరు కావస్తోంది."

"ఒరేయ్, కీబోర్డు అక్కర్లేదురా. ఆరింటికి షిఫ్టు రిపోర్టు చిలక లేస్తుంది. అది మీ బావదే, రోజూ వెళ్తుంది. రిపోర్టంతా తనే టైపు చేసి, చివర్న తనే ఎంటర్ కొడుతుంది."

ముల్లు స్క్రీన్ మూల చూశాడు. రెండు ఆకుపచ్చ బొమ్మలు. ఒకటి బావది. "దాన్ని మూసేస్తే?"

"చిలకను మూస్తే రెండూ పోతాయి. నాతోపాటు. విను, కంగారుపడకు. అదే స్క్రిప్టును మళ్ళీ పిలిస్తే కొత్తది రాదు, నడుస్తున్న దానికే కొత్త ఆప్షన్లు అందుతాయి. రెండు ఆప్షన్లకు పడకపోతే చివర ఉన్న మాటే చెల్లుతుంది. లైను చివర స్లాష్ షో అని పెట్టు. పెట్టె బయటపడుతుంది."

"టైపు చేయడానికి కీబోర్డు లేదు."

ఫ్యాన్ల హోరు. అక్క ఆలోచిస్తోంది. "మీ బావ షార్ట్‌కట్ తెరువు. ఆయన అన్నిటికీ షో పెట్టుకుంటాడు, తన ఎదుట జరగని పని ఆయన నమ్మడు. అక్కడ మౌస్‌తో ఆ మాట పట్టుకుని కాపీ చెయ్. దీని చివర పేస్ట్ చెయ్."

ముల్లు కుడిచెయ్యి భుజం దగ్గర్నుంచి వేలాడిపోయింది. ఎడమచేత్తో మౌస్ పట్టాడు. నెత్తురుకు అది సబ్బులా జారుతోంది. బావ షార్ట్‌కట్ తెరిచాడు. స్లాష్ దగ్గర మొదలుపెట్టి లాగాడు. ఒక అక్షరం తప్పింది. మళ్ళీ లాగాడు. కాపీ. ముఠా షార్ట్‌కట్. లైను చివర నొక్కి పేస్ట్. ఓకే.

షార్ట్‌కట్ మీద రెండుసార్లు నొక్కాడు. జారింది. మళ్ళీ నొక్కాడు.

స్క్రీన్ నడుమ బూడిదరంగు పెట్టె లేచింది. మధ్యాహ్నం నుంచి అక్కడే ఉండి, ఇప్పుడే మొహం చూపించింది. వాల్వులు తెరవమంటారా? అవును. కాదు.

అతను మౌస్ జరిపేలోగా గోడ గడియారం ఆరు కొట్టింది. తెల్లటి రిపోర్టు కిటికీ వచ్చి పెట్టె మీద పడి దాన్ని పూర్తిగా కప్పేసింది. అక్షరాలు వాటంతటవే పడసాగాయి. ఏ వేలూ లేదు. చనిపోయిన మనిషి నేర్పిన మాటలు, ఆయన నేర్పిన వేగంతో.

షిఫ్టు ముగిసింది. నీళ్ళు మామూలుగా ఉన్నాయి.

ముల్లు ఆ కిటికీ తల పట్టుకుని పక్కకు లాగాడు. సగం జరిగింది. చెయ్యి జారింది.

సిబ్బంది అందరూ క్షేమం.

మళ్ళీ లాగాడు. పెట్టె అంచు బయటపడింది. అవును కనబడుతోంది. కాదు ఇంకా కిందే ఉంది.

ఇట్లు, మీ

ముల్లు ఒళ్ళంతా ఆ ఎడమచేతి మీద పడేసి లాగాడు. కిటికీ జరిగింది. రిపోర్టులో బావ పేరు చివరి అక్షరం పడుతుండగా అతని వేలు కాదు మీద దిగింది.

పెట్టె మాయమైంది. మరుక్షణం చిలక ఎంటర్ కొట్టింది. రిపోర్టు వెళ్ళిపోయింది. మూలన ఒక ఆకుపచ్చ బొమ్మ ఆరిపోయింది.

కింద ఎక్కడో ఇనప తలుపుల తాళాలు ఒకటొకటిగా ఊడిన చప్పుడు.

అక్క మెట్లెక్కి వచ్చేసరికి ముల్లు కుర్చీకి ఆనుకుని నేల మీదే కూర్చుని ఉన్నాడు. ఆవిడ గుమ్మంలో ఆగింది. పగిలిన అద్దం చూసింది. కడిగిన నేల చూసింది. కేబుళ్ళ కింద కడగడం మరిచిపోయిన చోటు చూసింది.

"అక్కా, బావ..."

"తెలుసురా."

"ఎప్పుడు?"

"నువ్వు చిలక గురించి నన్ను అడిగావు చూడు, అప్పుడే. ఆయనుంటే ఇంకొకర్ని నోరెత్తనిస్తాడా?" తమ్ముడి పక్కన కూలబడి, తన మెడలోని కండువా తీసి అతని భుజానికి బిగించి కట్టింది. గట్టిగా, కోపంగా కట్టింది. "అబద్ధం ఆడటం కూడా సరిగా రాదు నీకు. నీకెవర్రా ఈ ఉద్యోగం ఇచ్చింది?"

ముల్లు నేల మీద వెతికి బావ పీకిన ఎంటర్ కీని తీసి అక్క చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని ఎడమ పిడికిట్లో బిగించింది. ఆ తర్వాతే ఏడ్చింది.

చేతికి కట్టుతో ముల్లు కళ్ళద్దాల షాపు వెనకగదికి వెళ్ళిన రోజున పెద్దాయన కంప్యూటర్ ముందు అవస్థ పడుతున్నాడు.

"వాచీ?"

"ఆవిడ తీసుకెళ్ళింది సర్."

పెద్దాయన నిట్టూర్చాడు. "దొర పోయాడు. నెమలి పోయింది. ముఠాలో మిగిలినవాళ్ళు ఒకడు ఇంకొకడి పేరు చెప్తూ క్యూలో నిలబడి ఉన్నారు. నీకు నెల సెలవు, కేసు క్లోజ్." కీబోర్డు అతని వైపు జరిపాడు. "నువ్వే నొక్కు. ఎంటర్."

ముల్లు స్క్రీన్ నలుమూలలా ఒకసారి చూశాడు. ఎడమచేత్తో కీబోర్డు వైరు పీకేసి, మౌస్ అందుకున్నాడు.